ఇండస్ వచ్చేసింది: మన ఊర్ల నెట్‌వర్క్‌లో ఆడితే ఎట్లుంటుంది?

మదనపల్లె, పుంగనూరు, కుప్పం వాళ్ళు రెండేళ్ళుగా "అన్నా, ఇండస్ ఎప్పుడు?" అని అడుగుతూనే ఉండారు కదా. 2024 అక్టోబర్ 16న ఆండ్రాయిడ్, ఐఫోన్ రెండింట్లోనూ దిగేసింది. పుణెలోని సూపర్‌గేమింగ్ వాళ్ళు చేసిన బ్యాటిల్ రాయల్ ఇది. మాస్క్‌గన్ చేసింది వీళ్ళే.

అసలు ఇంత ఎదురుచూపు ఎందుకంటే, మనం చాలాసార్లు దెబ్బ తిన్నాం అబ్బా. 2020 సెప్టెంబర్ 2న పబ్‌జీ బ్యాన్. 2021 జూలైలో బీజీఎంఐ అని తిరిగొచ్చింది, 2022 జూలైలో స్టోర్ల నుంచి మాయమైంది, మళ్ళీ 2023 మేలో వచ్చింది. మధ్యలో 2022 ఫిబ్రవరిలో ఫ్రీ ఫైర్ కూడా పోయింది. నాలుగైదేళ్ళు కూడబెట్టుకున్న స్కిన్లు, ర్యాంకులు ఒక్క ఆర్డర్‌తో పోతాయేమో అనే భయం ఉంటే, మన దేశంలోనే తయారైన గేమ్ అంటే ఆశ పుడుతుంది. తప్పేం లేదు.

కానీ "మనది" అన్న మాటకే పడిపోవద్దు. ఫౌ-జీ గుర్తుందా? పబ్‌జీ బ్యాన్ అయిన రెండో రోజే అనౌన్స్ చేశారు, 2021 జనవరి 26న వదిలారు. తీరా చూస్తే గల్వాన్ లోయలో ఒంటరిగా కొట్లాడే క్యాంపెయిన్ తప్ప మల్టీప్లేయర్ లేదు. స్క్వాడ్ కట్టుకుని కూర్చున్నోళ్ళంతా ఉసూరుమన్నారు. ఆ లెక్కన ఇండస్ మొదటి రోజే మెరుగు, ఎందుకంటే ఇది పుట్టుకతోనే మల్టీప్లేయర్.

ఫస్ట్ ఇంప్రెషన్ చెప్తా. మ్యాప్ పేరు విర్లోక్, ఆడే పాత్రలు మిత్‌వాకర్లు. పాత కోటల వాసనా, సైన్స్ ఫిక్షనూ కలిపిన లోకం, చూడ్డానికి కొత్తగానే ఉంది. నాకు బాగా నచ్చింది కాస్మియం. మ్యాచ్ చివర్లో వచ్చే దాన్ని దక్కించుకుంటే అదే గెలుపు, అందర్నీ చంపాల్సిన పని లేదు. గడ్డిలో పడుకుని సర్కిల్ మూసుకునేదాకా దాక్కునే బ్యాచ్ ఉంటారే, వాళ్ళూ బయటికి రావాల్సిందే. ఇంకోటి గ్రడ్జ్. నిన్ను కొట్టినోడి మీద పగ పెట్టుకుని మళ్ళీ వాడితోనే తేల్చుకోవచ్చు. మన రాయలసీమ వాళ్ళకు ఇది వేరే వివరించి చెప్పాలా!

సరే, అసలు విషయానికి వద్దాం. "గోడ వెనక్కి వచ్చేశాక కూడా చచ్చిపోయినా మచ్చా" అని కుప్పం ఫ్రెండ్ ఒకడు మొత్తుకున్నాడు. ఇది ఏ షూటర్‌లో అయినా జరిగేదే. ఎట్లంటే, సర్వర్ ముంబైలో ఉందనుకోండి. మన దగ్గర నుంచి కేబుల్ దారి 1000 కిలోమీటర్లు అనుకున్నా, ఫైబర్‌లో కాంతి సెకనుకు సుమారు 2 లక్షల కిలోమీటర్లు పోతుంది. అంటే పోయి రావడానికి 10 మిల్లీసెకన్లు చాలు. మరి స్క్రీన్ మీద 80, 120 ఎందుకు చూపిస్తుంది? మిగతాదంతా టవర్ దగ్గర క్యూ, మధ్యలో నెట్‌వర్క్ తిరిగే చుట్టుదారులు. సాయంత్రం 8 తర్వాత ఊరంతా వీడియోలు చూస్తుంటే ఆ క్యూ పెరుగుతుంది.

60 ఎఫ్‌పీఎస్‌లో ఒక ఫ్రేమ్ 16.7 మిల్లీసెకన్లు. పింగ్ 120 అంటే దగ్గర దగ్గర 7 ఫ్రేములు. ఎదుటోడు కాల్చినప్పుడు వాడి స్క్రీన్ మీద నువ్వింకా గోడ బయటే ఉంటావు. సర్వర్ కాలాన్ని కొంచెం వెనక్కి తిప్పి చూసి, "తగిలింది" అని తీర్పు చెప్తుంది. నీ స్క్రీన్‌లో నువ్వు లోపలికి వచ్చేశావు, అందుకే మోసం అనిపిస్తుంది. అందుకని తక్కువ పింగ్ కన్నా నిలకడైన పింగ్ ముఖ్యం. ఎప్పుడూ 80 ఉంటే చెయ్యి అలవాటు పడుతుంది. 40 నుంచి 200కి ఎగిరితే ఎవడూ ఆడలేడు. కుప్పం నుంచి బెంగళూరుకు రైల్లో పోతూ ర్యాంక్ మ్యాచ్ పెట్టేవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోండి, టవర్ మారిన ప్రతిసారీ ఎగురుతుంది.

ఫోన్ సంగతి. 4 జీబీ ర్యామ్ ఫోన్ అయితే గ్రాఫిక్స్ అన్నీ కింది సెట్టింగ్‌లో పెట్టండి. పుంగనూరు ఆవు పొట్టిదైనా దాని పని అది చేస్తుంది కదా, మీ ఫోనూ అంతే, కాకపోతే మోయలేని బరువు పెట్టకండి. ఛార్జింగ్ పెట్టి ఆడితే వేడెక్కుతుంది, వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే స్పీడ్ తగ్గించుకుంటుంది. మూడో మ్యాచ్‌కి ల్యాగ్ వచ్చేది నెట్ వల్ల కాదు, దీనివల్లే.

నా మనసులో ఉన్న ప్రశ్న మాత్రం ఒకటే, ఆరు నెలల తర్వాత ఎంతమంది ఆడుతుంటారు? బీజీఎంఐకి 2022లోనే 10 కోట్ల రిజిస్ట్రేషన్లు దాటాయి. బ్యాటిల్ రాయల్‌కి జనమే పెట్టుబడి. లాబీ నిండకపోతే గేమ్ బాట్లతో నింపుతుంది, లేదా నీకన్నా చాలా గట్టోళ్ళతో కలుపుతుంది. రెండూ బోరే. కాబట్టి ఇప్పుడే స్కిన్ల మీద నాన్న యూపీఐ కొట్టొద్దు. ఉత్తగానే ఆడండి, ఫ్రెండ్స్ అక్కడే ఉంటే అప్పుడు చూద్దాం.

ఈ రాత్రి 9కి ఒక మ్యాచ్ వేసి, మీ ఊరు, సిమ్, పింగ్ ఎంతుందో కామెంట్‌లో పెట్టండి. వచ్చే ఎపిసోడ్‌లో మూడు ఊర్ల లెక్కలూ పక్కపక్కన పెట్టి చూద్దాం.