హేమంతపు తోటకు రంగులు: మొక్కల ఎంపికలో తేదీయే గీటురాయి



శీతాకాలపు పూలతోట అనగానే మన కళ్ళ ముందు రంగులు మెదలుతాయి. బంతి పసుపు, సాల్వియా ఎరుపు, డిసెంబరాల ఊదా గుర్తుకు వస్తాయి. విత్తనాల దుకాణంలో ప్యాకెట్ మీది బొమ్మను చూసి కొనడం కూడా మనకు అలవాటే. అయితే పూలసాగుకు అప్పు తెచ్చిన రైతుకు, నారు అమ్మే డీలరుకు ఆ బొమ్మ చెప్పని ముఖ్య విషయం ఒకటుంది. ఆ పువ్వు ఏ తేదీకి విరుస్తుంది? భోగినాటికి అందవలసిన బంతి జనవరి నెలాఖరున పూస్తే దాని అందానికి లోటేమీ ఉండదు. రుణవాయిదాకు మాత్రం అది అక్కరకు రాదు. కావున మొక్కల ఎంపికలో మొదట తేదీని, తరువాత ఎండను, ఆ పిమ్మట రంగును చూడవలెనని మనవి.

మంగ్లా నేల, మంగ్లా చలి

ఛత్తీస్‌గఢ్‌లో అర్పా నది ఒడ్డున వెలసిన బిలాస్‌పూర్ రైల్వే పట్టణం. బెంగాల్ నాగపూర్ రైల్వే కాలం నుండి పేరున్న ఈ కూడలి 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు ప్రధాన కేంద్రమయింది. రైల్వే ఉద్యోగాలకై ఉత్తరాంధ్ర జిల్లాల నుండి వెళ్ళి స్థిరపడిన తెలుగు కుటుంబాలు అక్కడ ఎన్నో ఉన్నాయి. ఈ నగరాన్ని ఆనుకొని ఉన్న మంగ్లా వంటి చోట కొద్దిపాటి నేల గలవారికి శీతాకాలపు పూలు మంచి అవకాశం. దీపావళికి తోరణాలు, ధనుర్మాసంలో గొబ్బెమ్మలకు బంతిపూలు, సంక్రాంతికి మాలలు, ఆపైన పెండ్లి పందిళ్ళు అన్నీ ఒకదాని వెంట ఒకటి వస్తాయి.

అక్కడి రాత్రులు మన కోస్తా కన్నా చల్లగా ఉంటాయి. అందువల్ల కోస్తాలో త్వరగా అలసిపోయే పెటూనియా, పాన్సీ, ఫ్లాక్స్ వంటివి అక్కడ మరికొంత కాలం నిలుస్తాయి. నేల విషయంలో స్థానిక రైతులు వాడే పేర్లే మనకు మార్గదర్శకాలు. పసుపు ఛాయగల 'మటాసీ' నేల పూలమడులకు అనుకూలం. నల్లని 'కన్హార్' నేల నీటిని పట్టి ఉంచుతుంది. ఎండితే బీటలు తీస్తుంది. దానిలో బాగా చివికిన పశువుల ఎరువును, ఇసుకను కలిపి ఎత్తు మడులు చేయవలెను. గులకతో కూడిన 'భాటా' నేలలో సున్నితమైన పూలకు బదులు కాగితపు పూల తీగను నాటడం మేలు. నీరు, ఎరువు మితంగా ఉంటేనే అది విరగబూస్తుంది.

తేదీ లెక్క

పండుగ తేదీ నుండి వెనుకకు లెక్కించడం నేర్చుకోండి. బంతి విత్తిన 25–30 రోజులకు నారు నాటడానికి సిద్ధమవుతుంది; నాటిన 50–60 రోజులకు పూత మొదలవుతుంది. అనగా విత్తనం నుండి తొలి పువ్వుకు ఇంచుమించు 80–90 రోజులు. సంక్రాంతికి నిండు కోత కావాలంటే అక్టోబరు మొదటి పక్షంలోనే విత్తాలి. నాటిన 30–40 రోజులకు తలలు తుంచితే పక్కకొమ్మలు వచ్చి పూలు పెరుగుతాయి, కాని పూత కొన్ని రోజులు వెనుకబడుతుంది. తల తుంచదలచినవారు విత్తడం సెప్టెంబరు చివరికి జరుపుకోవాలి.

చామంతి లెక్క వేరు. పగలు తగ్గి రాత్రి పెరిగితేనే అది మొగ్గ తొడుగుతుంది. పగటి నిడివికి, పూతకు గల ఈ సంబంధాన్ని 1920లో గార్నర్, అలార్డ్ అనే అమెరికా శాస్త్రజ్ఞులు లోకానికి వెల్లడించారు. జూన్–జూలైలలో పిలకలు నాటితే మొక్క వానాకాలమంతా గుబురుగా పెరిగి, నవంబరు నుండి పూస్తుంది. అక్టోబరులో నాటితే మొక్క ఎదగకముందే మొగ్గ వస్తుంది, దిగుబడి ఉండదు.

ఇక్కడ రైల్వే పట్టణవాసులు గమనించవలసిన సంగతి ఒకటుంది. రాత్రంతా వెలిగే వీధి దీపం కింద చామంతిని, పాయిన్‌సెట్టియాను పెంచరాదు. ఆ వెలుగులో మొక్కకు రాత్రి నిడివి తెలియదు; పూత ఆలస్యమవుతుంది లేదా రాదు. ఎరువు వేసినా ఫలితముండదు. కుండీని చీకటి చోటికి జరపడమే మందు.

ఎండ లెక్క

బిలాస్‌పూర్ సుమారు 22 డిగ్రీల ఉత్తర అక్షాంశంపై ఉన్నది. డిసెంబరు నెలాఖరు మధ్యాహ్నం సూర్యుడు దక్షిణాన 45 డిగ్రీల ఎత్తుకు మించడు. అప్పుడు గోడ ఎత్తు ఎంతో, ఉత్తరాన పడే నీడ పొడవు కూడా ఇంచుమించు అంతే. పది అడుగుల గోడకు ఉత్తరంగా పది అడుగుల మేర మధ్యాహ్నపు ఎండ తగలదు. బంతి, సాల్వియా, పెటూనియాలకు రోజుకు కనీసం ఆరు గంటల ఎండ కావాలి. వాటిని గోడకు దక్షిణాన, తూర్పున నాటండి. పాక్షికమైన నీడను ఓర్చుకొనే సినరేరియాను ఉత్తర భాగానికి కేటాయించండి.

ఏ మొక్క, ఏ చోటికి?

మడిలో వెనుక పొడవైనవి, ముందు పొట్టివి ఉండాలి. మూడడుగుల వరకు పెరిగే ఆఫ్రికన్ బంతి వెనుక వరుసకు, అడుగు మించని ఫ్రెంచి బంతి అంచులకు తగినవి. పేర్లు ఏవైనా ఈ రెంటి పుట్టినిల్లు మెక్సికో ప్రాంతమే. బంతి వేళ్ళు వేరుముడి నులిపురుగులను అణచివేస్తాయి. తరువాత వంగ, టమాటా వేసేవారికి ఇది అదనపు లాభం. ఎర్రని రంగుకు సాల్వియా, తెలుపు–ఊదాలకు పెటూనియా ఉపకరిస్తాయి. పెటూనియా విత్తనం ధూళివంటిది, గ్రాముకు సుమారు పదివేల గింజలు ఉంటాయి. సన్నని ఇసుకతో కలిపి చల్లాలి. పైన మట్టి కప్పరాదు.

ఏటా విత్తే శ్రమ లేకుండా రంగునిచ్చే డిసెంబరాలను మరువకండి. కొమ్మ నాటితే బతికి, కొద్ది నీటితోనే ఏటేటా పూసే పొద ఇది. ఒక మడి నారు చెడినా తోట వెలవెలబోకుండా కాపాడుతుంది. కడియపులంక, బుర్రిలంక వంటి కడియం ప్రాంతపు నర్సరీల నుండి మొక్కలు తెప్పించుకొనేవారు వాటిని వారం రోజులు నీడలో ఉంచి, చలికి అలవాటు పరచి నాటవలెను.

నారుమడి 15 సెం.మీ. ఎత్తున ఉంటే నారుకుళ్ళు తగ్గుతుంది. తెగులు కనిపిస్తే లీటరు నీటికి 3 గ్రాముల కాపర్ ఆక్సీక్లోరైడ్ కలిపి మొదళ్ళు తడపండి. సందేహాలకు బిలాస్‌పూర్‌లోని ఠాకూర్ ఛేదీలాల్ బారిస్టర్ వ్యవసాయ కళాశాలను, కృషి విజ్ఞాన కేంద్రాన్ని సంప్రదించవచ్చు.

అప్పు ఎంత?

మన సెంటునే అక్కడ 'డిసిమిల్' అంటారు. ఆఫ్రికన్ బంతిని 40 × 40 సెం.మీ. దూరంలో నాటితే సెంటుకు సుమారు 250 మొక్కలు, ఫ్రెంచి బంతిని 20 × 20 సెం.మీ. దూరంలో నాటితే సుమారు 1,000 మొక్కలు పడతాయి. నారు ధర, కోత కూలి, రవాణా ఈ సంఖ్యతో గుణించి చూడండి. తొలి ఏడు పది సెంట్లు మించకపోవడం క్షేమం. విడిపూల ధర పండుగ మరునాడే దిగిపోతుంది. కావున మొత్తం నేలను ఒకే తేదీకి విత్తక, రెండు వారాల ఎడంతో మూడు దఫాలుగా విత్తండి. కొంత భాగాన్ని కుండీ చామంతికి కేటాయిస్తే, ధర పడిననాడు మొక్కను అట్టిపెట్టుకొనే వీలుంటుంది.

కిసాన్ క్రెడిట్ కార్డు పథకం 1998లో ప్రారంభమయింది. ఎకరాకు ఇచ్చే రుణ పరిమాణాన్ని పంటల వారీగా జిల్లాస్థాయి సాంకేతిక కమిటీ నిర్ణయిస్తుంది. మీ జిల్లా జాబితాలో మీ పూలపంట ఉన్నదా అని శాఖలో ముందే విచారించండి. పూచీకత్తు లేని వ్యవసాయ రుణ పరిమితిని భారతీయ రిజర్వు బ్యాంకు 2025 జనవరి 1 నుండి 1.6 లక్షల నుండి 2 లక్షల రూపాయలకు పెంచింది. పరిమితి ఉన్నదని మొత్తం తీసుకోనక్కరలేదు. మడికి తగిన అప్పే మంచి అప్పు.

డీలరు మిత్రులకు ఒక మాట. ప్యాకెట్‌పై పరీక్ష తేదీ, మొలక శాతం చూపించి అమ్మండి. సంకర రకం నుండి మరుసటి ఏటికి విత్తనం దాచుకోరాదని చెప్పండి. అక్టోబరు దాటి వచ్చిన రైతుకు సంక్రాంతి బంతి విత్తనం అంటగట్టక, ఎదిగిన నారును ఇవ్వండి. అతని వాయిదా చెల్లితేనే మరుసటి ఏడు మీ దుకాణం మెట్లెక్కుతాడు.

విత్తనం కొనేముందు ఒక కాగితంపై మూడు గడులు గీయండి: అమ్మవలసిన తేదీ, నాటవలసిన తేదీ, విత్తవలసిన తేదీ. మూడవ గడిలోని తేదీ దాటిపోయి ఉంటే ఆ ప్యాకెట్‌ను తిరిగి అరలో పెట్టించి, మరొక పువ్వును ఎంచుకోండి.