కిస్తీలు తప్పిన వాహనాల వేలం

కిస్తీలు తప్పిన వాహనాల వేలం అనగా కారు, ట్రాక్టరు, లారీ వంటి వాహనంపై తీసుకొన్న అప్పు చెల్లించనప్పుడు ఋణదాత ఆ వాహనాన్ని స్వాధీనం చేసుకొని, అమ్మి, వచ్చిన సొమ్మును బాకీకి జమ కట్టుకొనే ప్రక్రియ. వాహనం పోవుటతో అప్పు తీరిపోయినదని చాలామంది భావిస్తారు. ఇది సరికాదు. అమ్మకం ధర బాకీకి చాలకపోతే తరుగును ఋణగ్రహీత చెల్లించవలెను. ధర బాకీని మించితే మిగులు ఋణగ్రహీతకే చెందును.

నిజామాబాదు ప్రాంతంలో

నిజాంసాగర్ ఆయకట్టులోని బోధన్ ప్రాంతం చెరకు సాగుకు పేరుపొందినది. శక్కర్‌నగర్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1937లో స్థాపించబడి, 2002లో ప్రైవేటు భాగస్వామ్యంలోకి వెళ్ళి, 2015 డిసెంబరులో మూతబడినది. చెరకు తోలుటకు ట్రాక్టరు గాని లారీ గాని తప్పనిసరి. అటువంటి వాహనాల కిస్తీలు పంట డబ్బుపైనే ఆధారపడి ఉంటాయి. చెరకు అందిన 14 రోజులలో కర్మాగారం ధర చెల్లించవలెనని 1966 నాటి చెరకు నియంత్రణ ఉత్తర్వు విధించినది. అయితే ఆ చెల్లింపు ఆలస్యమైనంత మాత్రాన వాహన ఋణపు గడువు మారదు. అందుకు ఋణదాత వ్రాతపూర్వక అంగీకారం పొందవలెను.

ఋణదాతకు గల హక్కు

వాహన ఋణాలు ముఖ్యంగా రెండు విధాలు.
* హైపోథికేషన్: వాహనం ఋణగ్రహీత పేరనే ఉంటుంది. ఋణదాత హక్కు ఆర్.సి.లో నమోదగును.
* హయర్ పర్చేజ్: చివరి కిస్తీ తీరువరకు యాజమాన్యం ఫైనాన్సు సంస్థదే.

మోటారు వాహనాల చట్టం, 1988లోని 51వ సెక్షను ప్రకారం, వాహనాన్ని స్వాధీనం చేసుకొన్న ఋణదాతకు ఋణగ్రహీత ఆర్.సి. ఇవ్వనిచో, రవాణా అధికారి ఋణగ్రహీతకు తమ వాదన చెప్పుకొనే అవకాశమిచ్చి, ఋణదాత పేర క్రొత్త ఆర్.సి. జారీ చేయవచ్చును.

స్వాధీనంపై పరిమితులు

ఒప్పందంలో హక్కు ఉన్నప్పటికీ బలప్రయోగం చెల్లదు. అప్పుల వసూలుకు గూండాలను వినియోగించరాదని సుప్రీంకోర్టు 2007లో ప్రకాశ్ కౌర్ కేసులో హెచ్చరించినది. వాహనాల స్వాధీనం చట్టబద్ధ పద్ధతులలోనే జరుగవలెనని 2011లో సిటికార్ప్ మారుతి కేసులో పేర్కొన్నది. స్వాధీనానికి ముందు ఇచ్చే నోటీసు గడువు, అమ్మకానికి ముందు బాకీ తీర్చుటకు చివరి అవకాశం, వేలం విధానం ఒప్పందంలో స్పష్టంగా ఉండవలెనని రిజర్వు బ్యాంకు 2008 ఏప్రిల్ 24 నాటి మార్గదర్శకాలలో బ్యాంకులకు సూచించినది.

అమ్మకానికి ముందు

భారత కాంట్రాక్టు చట్టం, 1872లోని 176వ సెక్షను కుదువ సొత్తును అమ్ముటకు ముందు సముచితమైన నోటీసు ఇవ్వవలెనని చెప్పుచున్నది. 177వ సెక్షను ప్రకారం అమ్మకం జరుగువరకు బాకీ, ఖర్చులు చెల్లించి సొత్తును విడిపించుకొనవచ్చును. స్వాధీనం చేసుకొన్న వాహనానికీ న్యాయస్థానాలు సాధారణంగా ఈ సూత్రాలనే వర్తింపజేస్తాయి. బ్యాంకు సర్ఫేసీ చట్టం, 2002ను ఆశ్రయించినచో మొదట 60 రోజుల డిమాండు నోటీసు, తరువాత వాహనం వంటి చరాస్తి అమ్మకానికి 30 రోజుల నోటీసు ఇవ్వవలెను. లక్ష రూపాయలకు మించని ఋణాలకు ఈ చట్టం వర్తించదు.

అమ్మకం తరువాత లెక్క

ఉదాహరణకు బాకీ రూ. 4,00,000, వేలంలో వచ్చినది రూ. 3,10,000, స్వాధీనపు ఖర్చులు రూ. 15,000 అనుకొనిన, బాకీకి జమ అగునది రూ. 2,95,000. తరుగు రూ. 1,05,000. అదే వాహనం రూ. 4,50,000కు అమ్ముడైన, ఖర్చులు పోగా రూ. 35,000 ఋణగ్రహీతకు తిరిగి ఇవ్వవలెను.

కావున తరుగు చెల్లించుటకు ముందు ఋణగ్రహీత ఈ క్రింది వాటిని వ్రాతపూర్వకంగా అడుగవలెను:
* ఋణ ఖాతా పూర్తి వివరం
* నోటీసుల నకళ్ళు, అవి అందినట్లు ఆధారం
* వాహనం విలువ నిర్ణయించిన నివేదిక
* వేలం వివరాలు, ఖర్చుల రసీదులు

తరుగు వసూలు

తరుగు కొరకు ఋణదాత సివిలు దావా వేయవచ్చును, లేదా ఒప్పందంలో ఉన్నచో ఆర్బిట్రేషన్‌కు వెళ్ళవచ్చును. ఇందుకు సాధారణ కాలపరిమితి 3 సంవత్సరాలు. జామీనుదారు బాధ్యత కూడా ఋణగ్రహీతతో సమానమే. అయితే డిక్రీ వచ్చినను, సివిల్ ప్రొసీజర్ కోడ్ 60వ సెక్షను ప్రకారం రైతు నివసించే ఇంటిని, కోర్టు అభిప్రాయంలో జీవనోపాధికి అవసరమైన వ్యవసాయ పనిముట్లను, పశువులను జప్తు చేయరాదు. చెల్లించుటకు శక్తి లేనందువలన మాత్రమే ఋణగ్రహీతను సివిలు జైలుకు పంపరాదని సుప్రీంకోర్టు 1980లో జాలీ జార్జ్ వర్గీస్ కేసులో తీర్పునిచ్చినది. కిస్తీ కొరకు ఇచ్చిన చెక్కు చెల్లకపోవుట మాత్రం వేరు విషయం. దానిపై క్రిమినల్ కేసు రావచ్చును.

ఋణగ్రహీతకు గల మార్గాలు

నోటీసు లేకుండా గాని, మరీ తక్కువ ధరకు గాని అమ్మినచో మొదట ఆ సంస్థకే వ్రాతపూర్వకంగా ఫిర్యాదు చేసి రసీదు పొందవలెను. పరిష్కారం లభించనిచో రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌ను గాని, జిల్లా వినియోగదారుల కమిషన్‌ను గాని ఆశ్రయించవచ్చును. సర్ఫేసీ చర్యపై 45 రోజులలో ఋణ వసూలు ట్రిబ్యునల్‌కు దరఖాస్తు చేయవలెను. ఉభయులూ అంగీకరించిన తరుగు విషయం లోక్ అదాలత్‌లో రాజీ చేసుకొనవచ్చును. రాజీ కుదిరినచో సొమ్ము చెల్లించి, బాకీ లేదను పత్రం తప్పక తీసుకొనవలెను.

ఇవి కూడా చూడండి
* బోధన్
* నిజాం చక్కెర కర్మాగారం
* భారత కాంట్రాక్టు చట్టం, 1872
* లోక్ అదాలత్