రక్తనాళాలు బాగుంటేనే జ్ఞాపకం పదిలం
* అదుపు తప్పిన రక్తపోటుతో మెదడుకూ ముప్పు
* నడివయసు నుంచే జాగ్రత్త అవసరం

సంతకు వెళ్లిన పెద్దాయన ఇంటిదారి మరచిపోతాడు. అప్పుడే అన్నం తిన్న అవ్వ ఇంకా పెట్టలేదంటూ కోడలిపై అలుగుతుంది. ఇంట్లోవారు దాన్ని చాదస్తమని సరిపెట్టుకుంటారు. ఆ పెద్దలు రక్తపోటు మాత్రలు మానేసి ఏళ్లు గడిచాయన్న సంగతి ఎవరికీ తట్టదు. ఈ రెంటికీ సంబంధం ఉండవచ్చని పరిశోధనలు చెబుతున్నాయి.

అసలేమిటీ వ్యాధి?
జర్మనీ వైద్యుడు అలోయిస్ అల్జీమర్ 1906లో ఈ వ్యాధిని తొలిసారిగా వివరించారు. మరణించిన రోగి మెదడును సూక్ష్మదర్శినితో పరిశీలించగా కణాల వెలుపల పొక్కుల వంటి పేరుకుపోయిన పదార్థం, కణాల లోపల చిక్కుముడులు కనిపించాయి. మొదటిది అమిలాయిడ్, రెండోది టౌ అనే ప్రొటీన్ల వల్ల ఏర్పడుతుందని తర్వాత తేలింది.

చివరి ఆయకట్టు ఎండినట్లే...
శరీర బరువులో మెదడు వాటా సుమారు 2 శాతమే. మనం పీల్చే ఆక్సిజన్‌లో మాత్రం దాదాపు 20 శాతాన్ని అదే వాడుకుంటుంది. నిల్వ చేసుకునే వీలు లేనందున రక్తం నిరంతరం అందాల్సిందే. రక్తపోటు, మధుమేహం అదుపు తప్పితే సన్నని నాళాల గోడలు మందమై దారి ఇరుకవుతుంది. కాలువ పూడితే చివరి ఆయకట్టు ఎండినట్లు, మెదడు లోపలి భాగాలకు రక్తం చాలదు.

ఈ నాళాలకు మరో పని కూడా ఉంది. మెదడులో తయారయ్యే అమిలాయిడ్ వంటి వ్యర్థాలు కొంతమేర వీటి గోడల గుండా, వీటి వెంబడి బయటకు పోతాయి. నాళాలు దెబ్బతింటే వ్యర్థాలు పేరుకుంటాయి. అమిలాయిడ్ నాళాల గోడల్లోనూ చేరి వాటిని బలహీనపరుస్తుంది. ఇలా ఒక దెబ్బ మరో దెబ్బకు దారితీస్తుంది.

పరిశోధనల్లో తేలిందిదీ
అమెరికాలో కొందరు క్రైస్తవ సన్యాసినులు మరణానంతరం తమ మెదడును పరిశోధనకు ఇచ్చారు. అల్జీమర్స్ మార్పులతోపాటు చిన్నపాటి పక్షవాతపు మచ్చలూ ఉన్నవారిలో బతికుండగా మతిమరుపు ఎక్కువగా కనిపించిందని 1997లో వెల్లడైంది. అమెరికాలోనే 9,300 మందికి పైగా రక్తపోటు బాధితులపై జరిపిన అధ్యయన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. రక్తపోటు పై అంకెను 140కి బదులు 120 లోపు ఉంచిన వారిలో స్వల్ప మతిమరుపు దాదాపు 19 శాతం తగ్గింది. తీవ్రమైన మతిమరుపు తగ్గినట్లు మాత్రం కచ్చితంగా రుజువు కాలేదు.

మతిమరుపు వ్యాధుల్లో సుమారు 45 శాతాన్ని నివారించడమో, వాయిదా వేయడమో సాధ్యమని 2024లో లాన్సెట్ కమిషన్ అంచనా వేసింది. అది పేర్కొన్న 14 కారణాల్లో రక్తపోటు, మధుమేహం, చెడు కొలెస్టరాల్, పొగతాగడం, ఊబకాయం, వ్యాయామ లేమి ఉన్నాయి.

రక్తనాళాలే సర్వస్వం కాదు. వయసు, వంశపారంపర్యం మన చేతిలో లేవు. జాగ్రత్తగా ఉన్నవారికీ ఈ వ్యాధి రావచ్చు. వచ్చాక పూర్తిగా నయంచేసే మందు లేదు కనుకనే ముందుచూపు ముఖ్యం.

ఏం చేయాలి?
* 30 ఏళ్లు దాటినవారు రక్తపోటు, మధుమేహ పరీక్షలు చేయించుకోవాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఇవి ఉచితం.
* ఒంట్లో బాగుందని మాత్రలు మానరాదు. వైద్యుని అడగకుండా మోతాదు మార్చరాదు.
* ఉప్పు రోజుకు 5 గ్రాములు మించకూడదు. పచ్చళ్లు, అప్పడాల్లోనిదీ ఇందులోనే లెక్క.
* బీడీ, చుట్ట, సిగరెట్ మానాలి. రోజూ నడవాలి.
* మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా తక్షణం 108కి ఫోన్ చేయాలి.
* మతిమరుపు కనిపిస్తే వైద్యుడికి చూపించాలి. థైరాయిడ్ లోపం, బి12 విటమిన్ కొరత వల్ల వచ్చేది చికిత్సతో తగ్గే వీలుంది.

చాదస్తమని వదిలేసేకన్నా ఒక్కసారి పరీక్ష చేయించడం పెద్దలకు మనం చేయగలిగిన మేలు. నడివయసువారు తమ రక్తపోటు ఎంతో తెలుసుకోవడం తమకు తాము చేసుకునే మేలు.