నివురుగప్పిన నక్షత్రమండలములు

పొయ్యిలోని నిప్పులపై నివురు గప్పినపుడు కన్ను మోసపోవును గాని అరచేయి మోసపోదు. ఆర్యులారా, ఆకాశమునందును అట్టి నిప్పులు గలవు. వానిని గూర్చియే నేడు మీకు మనవి చేయదలచితిని.

మన పాలవెల్లివంటి నక్షత్రమండలములు కోట్లకొలదిగ గలవు. వానిలో కొన్నింటియందు నక్షత్రములు మిక్కిలి వేగముగ పుట్టుచుండును. అవి పుట్టుచోట మసివంటి సన్నని ధూళి దట్టముగ నుండును. ఆ ధూళి వెలుతురును మ్రింగి, తాను కొంచెము వేడెక్కి, ఆ వేడిని కంటికి గానరాని పరారుణ కిరణములుగ వెలిగ్రక్కును. విశ్వమునందలి నక్షత్రకాంతిలో సుమారు సగము ఈ విధముగనే మారువేషమున తిరుగుచున్నది.

ఈ కిరణముల ఉనికిని 1800 సంవత్సరమున విలియం హెర్షెల్ కనుగొనెను. సూర్యకాంతిని గాజుపట్టకముచే రంగులుగ విడదీసి, ఎరుపునకు ఆవల ఏ రంగును లేనిచోట ఆయన ఉష్ణమాపకము నుంచగా, అది అచటనే ఎక్కువ వేడిని చూపెను. ఆ మహనీయుని పేరిటనే ఐరోపావారు 2009 మే 14వ తేదీన ఒక దూరదర్శినిని అంతరిక్షమునకు బంపిరి. దాని అద్దము మూడున్నర మీటర్ల వెడల్పు. నేలమీదనే ఏల నుంచరాదని మీరడుగవచ్చును. మన గాలిలోని నీటియావిరి ఈ కిరణములను చాలవరకు అడ్డగించును. అదిగాక, యంత్రము తానే వెచ్చగనున్నచో పట్టపగలు చుక్కలను వెదకినట్లగును. కావున దానిని భూమికి 15 లక్షల కిలోమీటర్ల దూరమున నిలిపి, పరికరములను ద్రవ హీలియముతో చల్లబరచిరి.

కిరణములను తరంగముల పొడవునుబట్టి విడదీసినచో, ఒక్కొక్క పదార్థము తనకు నియతమైన చోటనే గీతను చూపును. ఆ గీత ప్రక్కకు జరిగియున్నచో పదార్థము కదలుచున్నదని యర్థము. వచ్చుచున్న రైలుకూత హెచ్చు శ్రుతిలోను, దాటిపోవుచున్నదాని కూత తగ్గు శ్రుతిలోను వినవచ్చుట మీరెరుగుదురు, ఇదియు నట్టిదే. మార్కేరియన్ 231 అను మండలము సుమారు 60 కోట్ల కాంతిసంవత్సరముల దూరమున నున్నది. అందు ఉదజని, ఆమ్లజని జతగూడిన అణువుల గీతలను పరిశీలించి, సెకండుకు సుమారు వేయి కిలోమీటర్ల వేగముతో వాయువు ఆ మండలమునుండి వెలికి తన్నుకొనివచ్చుచున్నదని 2011లో శాస్త్రజ్ఞులు ప్రకటించిరి. నడుమనున్న మహాకృష్ణబిలపు ప్రతాపమే దీనికి ముఖ్యకారణమని వారి యభిప్రాయము. నక్షత్రములకు వాయువే విత్తనపుగింజ. అంతగా వెలుగుచున్న మండలము తన గాదెను తానే వెదజల్లుకొనుచున్నదన్నమాట! నన్నడిగినచో, ఆ దూరదర్శిని చేసిన పనులలో ఇదియే మిన్న.

హీలియము మాత్రము దినదినము ఆవిరియై పోవుచుండెను. మరల నింపుటకు మార్గము లేదు. 2013 ఏప్రిల్ 29వ తేదీన అది అడుగంటెను. అద్దము చెక్కుచెదరకున్నను యంత్రమునకు చూపు పోయెను. 2021లో పంపబడిన జేమ్స్ వెబ్ దూరదర్శిని అద్దము ఇంతకంటె పెద్దదే గాని, అది ఈ దీర్ఘతరంగములను చూడజాలదు. నాడు వ్రాసియుంచిన గీతలనే పండితులు నేటికిని చదువుచున్నారు.