సంక్షోభంలో అభద్రత, తీరని మానసిక అవసరాలు

1943లో అబ్రహాం మాస్లో ప్రతిపాదించిన అవసరాల క్రమంలో ఆకలి, భద్రతల తరువాతే ఆత్మీయత, గౌరవం వస్తాయి. ఈ క్రమం కచ్చితమైనది కాదని ఆయనే అంగీకరించినా, విపత్తు సహాయం తరచు బియ్యంతో మొదలై బియ్యంతోనే ముగుస్తుంది.

2020 మార్చి 25న లాక్‌డౌన్ విధించినపుడు, శిబిరాలలో అన్నం దొరికిన వలస కార్మికులలోనూ ఎందరో ఇంటికి పంపమనే కోరారు. దీనిని కేవలం రోగభయంగా చూడడం పొరపాటు. డెసీ, రయన్‌ల స్వీయనిర్ణయ సిద్ధాంతం ప్రకారం స్వేచ్ఛ, సామర్థ్యం, అనుబంధం మౌలికమైన మానసిక అవసరాలు. వీటికి భంగం కలిగితే ఆందోళన, కుంగుబాటు పెరుగుతాయి. పని పోయి సామర్థ్యభావన, కదలిక ఆగి స్వేచ్ఛ, దూరం వల్ల అనుబంధం ఒకేసారి దెబ్బతిన్నాయి. దీనికి అనిశ్చితి తోడైంది: ఏప్రిల్ 14 నాటి గడువు మే 3కు జరిగింది. లింగంపల్లి నుండి హటియాకు తొలి శ్రామిక్ రైలు బయలుదేరినది మే 1న.