బస్తర్: ప్రజలు, భాషలు, సంస్కృతి

మనం రెండు, మూడు, నాలుగు అని లెక్కపెడతాం. బస్తర్ గోండులు రండ్, మూండ్, నాలుంగ్ అంటారు. ఈ పోలిక యాదృచ్ఛికం కాదు. తెలుగు, గోండి ఒకే ద్రావిడ ఉపశాఖకు చెందిన భాషలు.

ఛత్తీస్‌గఢ్ దక్షిణ భాగంలోని బస్తర్‌లో మురియా, మాడియా, ధుర్వా, హల్బా మొదలైన తెగలవారు నివసిస్తున్నారు. ధుర్వాల పర్జీ కూడా ద్రావిడ భాషే. హల్బీ మాత్రం ఇండో-ఆర్య భాష. వేర్వేరు భాషలవారు సంతలో కలిసినప్పుడు మాట్లాడుకునేది ఎక్కువగా హల్బీలోనే.

బస్తర్ చరిత్రకూ మనతో సంబంధం ఉంది. 1323లో ఓరుగల్లు పతనమయ్యాక ప్రతాపరుద్రుని సోదరుడు అన్నమదేవుడు ఇక్కడ రాజ్యం స్థాపించాడని ప్రతీతి. ఆ వంశపు ఇలవేల్పు దంతేశ్వరి. ఆమె పేరిట జగదల్‌పూర్‌లో దసరా 75 రోజులు సాగుతుంది. అందులో రావణ దహనం ఉండదు. గిరిజనులు లాగే రథమే ప్రధానం.

2011 జనాభా లెక్కల ప్రకారం దేశంలో గోండి మాతృభాషగా గలవారు 29 లక్షలకు పైనే. 2003లో సంతాలీ రాజ్యాంగపు ఎనిమిదో షెడ్యూలులో చేరింది; గోండికి ఆ స్థానం దక్కలేదు. బస్తర్ బడుల్లో చదువు ప్రధానంగా హిందీలోనే సాగుతుంది. ఇంట్లో గోండి మాట్లాడే పిల్లలు అక్షరాలు మరో భాషలో నేర్చుకుంటున్నారు. భాష నిలవాలంటే మాట్లాడేవారితో పాటు ఆ భాషలో చదివేవారు, రాసేవారు కూడా ఉండాలి.