ఒక్క జిల్లా జడ్జి.. ట్రంప్ ఆర్డర్‌కు బ్రేక్! అమెరికా ఫెడరల్ కోర్టులకు అంత పవర్ ఎక్కడిది?

అమెరికాలో భర్త హెచ్-1బీ, భార్య హెచ్-4 వీసాపై ఉంటే.. అక్కడ పుట్టిన బిడ్డకు పౌరసత్వం వస్తుందా, రాదా? 2025 జనవరి నుంచి ఎన్నో తెలుగు కుటుంబాలను వెంటాడుతున్న ప్రశ్న ఇది. దేశాధ్యక్షుడు సంతకం చేసిన ఆదేశాన్ని మొదట ఆపింది సుప్రీంకోర్టు కాదు.. సియాటెల్‌లోని ఫెడరల్ జిల్లా కోర్టు. ఇంతకీ ఈ కోర్టుల కథేంటి?

అసలేం జరిగిందంటే..

2025 జనవరి 20న, అధికారం చేపట్టిన రోజే జన్మతః పౌరసత్వంపై ట్రంప్ ఎగ్జిక్యూటివ్ ఆర్డర్ ఇచ్చారు. తల్లిదండ్రుల్లో ఒక్కరైనా అమెరికా పౌరులో, గ్రీన్ కార్డు హోల్డరో అయితేనే బిడ్డకు పౌరసత్వం అన్నది దాని సారాంశం. 30 రోజుల తర్వాత పుట్టే పిల్లలకు ఇది వర్తిస్తుందన్నారు. అంటే అక్రమ వలసదారులకే కాదు.. చట్టబద్ధంగా వర్క్ వీసా, స్టూడెంట్ వీసాలపై ఉన్నవారికీ దెబ్బే.

వాషింగ్టన్, అరిజోనా, ఇల్లినాయ్, ఒరెగాన్ రాష్ట్రాలు వెంటనే సియాటెల్ కోర్టుకెక్కాయి. మూడు రోజుల్లోనే, జనవరి 23న జడ్జి జాన్ కఫెనార్ ఆర్డర్‌ను తాత్కాలికంగా నిలిపేశారు. ఇది పచ్చిగా రాజ్యాంగ విరుద్ధమని తేల్చి చెప్పారు. ఆయన్ను జడ్జిగా నియమించింది ఎవరో కాదు.. ట్రంప్ పార్టీకే చెందిన రోనాల్డ్ రీగన్!

మన జిల్లా కోర్టుకు, దానికి తేడా ఇదే

మన దగ్గర ఒక చట్టం రాజ్యాంగ విరుద్ధమని కొట్టేయాలంటే హైకోర్టుకో, సుప్రీంకోర్టుకో వెళ్లాల్సిందే. అమెరికాలో అలా కాదు. అక్కడ రాష్ట్రాల కోర్టులు వేరు, ఫెడరల్ కోర్టులు వేరు. దేశం మొత్తం మీద 94 ఫెడరల్ జిల్లా కోర్టులున్నాయి. కేంద్ర చట్టాలు, రాజ్యాంగ హక్కులకు సంబంధించిన కేసులు చాలావరకు ఇక్కడే మొదలవుతాయి. జడ్జిని అధ్యక్షుడు ఎంపిక చేస్తారు, సెనేట్ ఆమోదిస్తుంది. ఆ తర్వాత పదవి జీవితకాలం. అభిశంసన తప్ప తీసేసే దారి లేదు. నియమించిన అధ్యక్షుడికి భయపడాల్సిన పని లేకపోవడమే అసలు బలం.

సుప్రీంకోర్టు పెట్టిన లిమిట్

అయితే 2025 జూన్ 27న సీన్ మారింది. జిల్లా జడ్జిలు దేశమంతటికీ వర్తించే స్టేలు ఇవ్వడం వారి అధికార పరిధిని దాటడమేనని సుప్రీంకోర్టు 6-3 మెజారిటీతో చెప్పింది. కేసు వేసిన వారికి పూర్తి ఊరట ఇవ్వడానికి ఎంత అవసరమో, స్టే అంతవరకే ఉండాలంది. ఆర్డర్ రాజ్యాంగబద్ధమా కాదా అన్నది మాత్రం అప్పుడు తేల్చలేదు.

కానీ ఒక దారి మిగిలింది. అదే క్లాస్ యాక్షన్. అంటే ఒకే సమస్య ఉన్న అందరి తరఫున కొందరు వేసే కేసు. జులై 10న న్యూహాంప్‌షైర్ ఫెడరల్ జడ్జి జోసెఫ్ లాప్లాంట్, ఈ ఆర్డర్ వల్ల పౌరసత్వం కోల్పోయే పిల్లలందరినీ ఒకే వర్గంగా గుర్తించి మళ్లీ బ్రేక్ వేశారు. చివరకు ఈ కేసునే విచారిస్తామని 2025 డిసెంబర్ 5న సుప్రీంకోర్టు ప్రకటించింది.

1898లోనూ ఇంతే!

1873లో శాన్‌ఫ్రాన్సిస్కోలో పుట్టిన వాంగ్ కిమ్ ఆర్క్ తల్లిదండ్రులు చైనీయులు. చైనా వెళ్లి తిరిగొస్తే, నువ్వు పౌరుడివి కాదంటూ అధికారులు ఓడరేవులోనే ఆపేశారు. ఆయనా మొదట గెలిచింది శాన్‌ఫ్రాన్సిస్కో ఫెడరల్ జిల్లా కోర్టులోనే. 1898లో సుప్రీంకోర్టు ఆ తీర్పును ఖాయం చేసింది. 14వ సవరణ ప్రకారం ఆయన పుట్టుకతోనే పౌరుడని తేల్చింది. ఇప్పటి వాదనంతా ఆ తీర్పు చుట్టూనే తిరుగుతోంది.

వీసాపై ఉన్న తల్లిదండ్రులు గుర్తుంచుకోవాల్సింది ఒక్కటే. జిల్లా కోర్టు ఇచ్చే స్టే రక్షణ మాత్రమే, తుది తీర్పు కాదు. ఆఖరి మాట సుప్రీంకోర్టుదే. కానీ ఆ మాట వచ్చేదాకా పుట్టే బిడ్డల హక్కుకు కాపలా కాసేది మాత్రం ఈ లోకల్ ఫెడరల్ కోర్టే.